గోడ బోర్డులు: పెద్ద పలకలను గోడకు బిగించే పని

గోడకు ఆనించి బిగించిన చదునైన పేరు బోర్డు కనపడని బజారు తెలుగు ఊళ్లలో ఉండదు. నాలుగడుగుల ఎత్తు, పది నుంచి ముప్పై అడుగుల పొడవు దానికి మామూలు కొలత. విజయవాడ బీసెంట్ రోడ్డు, హైదరాబాద్ అబిడ్స్ వంటి వ్యాపార వీధుల్లో అంతకు ఎన్నో రెట్లు పెద్దవి కూడా ఉంటాయి. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు కొన్నిచోట్ల భవనం ముఖాన్ని అంతస్తులకు అంతస్తులు పలకలతో కప్పేస్తాయి. నేలలో స్తంభాలు పాతి నిలబెట్టే హోర్డింగు ఈ కోవలోకి రాదు. హోర్డింగుకు సొంత పునాది ఉంటుంది. గోడ బోర్డుకు ఆ సదుపాయం లేదు, దాని మీద పడే భారమంతా చివరికి గోడ మీదికే పోతుంది.

బోర్డు చేయించే యజమాని అక్షరాల రంగు గురించి, లైటింగు గురించి గంటసేపు మాట్లాడతాడు. అది ఏ గోడకు ఎక్కబోతోందో, ఆ గోడ దేనితో కట్టిందో మాత్రం అడగడు. బోర్డు చేసే దుకాణం కూడా చదరపు అడుగు లెక్కన ధర చెబుతుంది. ఆ ధరలో బిగింపు ఒక చిన్న భాగం, చాలాసార్లు విడిగా రాయని భాగం. ప్రమాదం వచ్చేది మాత్రం ఎక్కువగా బిగింపులోనే.

పలకల రకాలు

ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా పేరు బోర్డంటే చెక్క చట్రానికి కొట్టిన ఇనప రేకు, దాని మీద ఎనామెల్ రంగులతో చేతిరాత. కింద మూలన ఆర్టిస్టు సంతకం ఉండేది. ఆ తర్వాత కంప్యూటర్‌తో ముద్రించే ఫ్లెక్సు వచ్చి చేతిరాతను దాదాపు తుడిచిపెట్టింది. ఫ్లెక్సు పలక కాదు, ఫ్రేముకు లాగి కట్టే పీవీసీ గుడ్డ. పెనుగాలికి అది చిరుగుతుంది. చిరగడం ఒక రకంగా మేలే. గాలి చిరుగులోంచి పోతుంది, ఫ్రేము మిగులుతుంది. ఇప్పుడు బజారును ఏలుతున్న ఏసీపీ పలక అలా చిరగదు. గాలి నెట్టినంతా, లాగినంతా అది ఫ్రేముకు, ఫ్రేము బోల్టులకు అప్పగిస్తుంది. ఫ్లెక్సు కాలంలో గోడకు కొట్టిన పాత ఫ్రేము మీదే కొత్తగా ఏసీపీ అతికించమని అడిగే యజమానులకు ఈ తేడా చెప్పి తీరాలి.

ఏసీపీ అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొరను పెట్టి అతికించిన పలక ఇది. 1969లో అల్యూకోబాండ్ పేరుతో యూరప్ మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర 8×4 అడుగుల షీటు, 3 లేదా 4 మి.మీ. మందం ఎక్కువగా వాడుతారు. పైకి చూస్తే అన్ని షీట్లూ ఒక్కలాగే ఉంటాయి. అసలు తేడా రేకు మందంలో ఉంది. భవనాల ముఖాలకు వాడే రకంలో రేకు అర మి.మీ. ఉంటే, బోర్డులకు వాడే చౌక రకంలో అందులో సగమో, అంతకన్నా తక్కువో ఉంటుంది. అర మి.మీ. రేకు ఉన్న 4 మి.మీ. పలక చదరపు మీటరుకు ఐదున్నర కిలోలు తూగుతుంది. అంటే ఒక షీటు 16 కిలోల చిల్లర.

షీటును వంచే పద్ధతి చూడదగ్గది. వెనక వైపు రౌటరుతో ‘వీ’ ఆకారంలో గాడి తీస్తారు. గాడి ప్లాస్టిక్‌ను కోసుకుంటూ పోయి ముందు రేకుకు కాస్త ఎడంగా ఆగాలి. అలా ఆగితే అంచు చేత్తోనే తొంభై డిగ్రీలు మడత పడుతుంది, షీటు అంచులున్న పళ్లెంలా తయారవుతుంది. గాడి మరీ లోతైతే మడత దగ్గర రేకు పగులుతుంది. ఆ పగులు మొదటి రోజు కనపడదు, రెండు వేసవులు గడిచాక రంగు లేచిపోయి గీతలా తేలుతుంది. షీటు మీది రక్షణ ఫిల్ము మీద బాణం గుర్తులు ముద్రించి ఉంటాయి. మెటాలిక్ రంగుల షీట్లను పక్కపక్కన పెట్టేటప్పుడు బాణాలన్నీ ఒకే దిక్కు చూడాలి. ఒక షీటు తిరగబడితే ఎండలో దాని ఛాయ వేరుగా కనిపిస్తుంది, బోర్డు అతుకులేసినట్టు ఉంటుంది. ఫిల్మును కూడా బిగించిన కొద్ది రోజుల్లోనే తీసేయాలి. మన ఎండకు వదిలేస్తే జిగురు కాలి రంగుకు పట్టేసి, పీలికలు పీలికలుగా తప్ప ఊడదు.

వెనక నుంచి వెలుగు రావాలంటే యాక్రిలిక్ గానీ పాలికార్బొనేట్ గానీ వాడుతారు. ఆఫీసుల గోడలకు ఎక్కే గ్రానైటు శిలాఫలకాల సంగతి వేరు. ఇక్కడ నిజంగానే బరువు సమస్య. 18 మి.మీ. మందం గ్రానైటు చదరపు మీటరుకు దాదాపు 48 కిలోలు ఉంటుంది కాబట్టి, నాలుగడుగులు మూడడుగుల ఫలకం యాభై కిలోలు దాటుతుంది. దాన్ని జిగురును నమ్ముకుని వదిలేయకూడదు. కింద ఆసరాగా గోడలోకి దిగిన ఇనప కొక్కేలో, నాలుగు మూలలా మరలో ఉండాలి. ఎల్ఈడీ వీడియో గోడలు ఇంకో రకం. అవి చిన్న పెట్టెల్లాంటి క్యాబినెట్లను ఒకదానికొకటి తగిలించి పేర్చినవి. ఆరుబయట వాడేవి చదరపు మీటరుకు 30 నుంచి 50 కిలోల దాకా తూగుతాయి. క్యాబినెట్ల మధ్య మి.మీ.లో కొంత తేడా వచ్చినా తెర మీద గీత పడుతుంది.

గాలి లెక్క

ఇరవై అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తున్న ఏసీపీ బోర్డు ఒకటి తీసుకుందాం. విస్తీర్ణం 7.4 చదరపు మీటర్లు. పలకల బరువు నలభై కిలోలు. అంగుళం స్క్వేర్ పైపు ఫ్రేము దాదాపు అంతే. అక్షరాలు, ఎల్ఈడీలు, వైర్లు కలిపితే మొత్తం 110 కిలోల లోపు. నలుగురు మనుషులు మోసే బరువు ఇది. బోర్డు బరువు గోడ నుంచి నాలుగు అంగుళాల దూరంలో కేంద్రీకృతమై ఉందనుకుంటే, పై వరుస, కింది వరుస బోల్టుల మధ్య మీటరు దూరం ఉన్నప్పుడు, బరువు వల్ల పై వరుస మొత్తం మీద పడే లాగుడు 11 కిలోలే. చేత్తో ఆపవచ్చు.

గాలి సంగతి అలా ఉండదు. గాలి భారాలకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం డిజైనుకు తీసుకోవలసిన మూల గాలి వేగం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44, కర్నూలుకు 39. ఇది నేల నుంచి పది మీటర్ల ఎత్తున మూడు సెకన్ల పాటు వీచే ఝంఝ వేగం. వేగాన్ని దానితోనే గుణించి, 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. సెకనుకు 50 మీటర్ల దగ్గర అది 1500 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు 150 కిలోల పైమాట. మన ఇరవై అడుగుల బోర్డు మీద అది 1,100 కిలోలు దాటుతుంది. హైదరాబాద్‌లో 880 కిలోలు. బరువుకు ఎనిమిది, పది రెట్లు. నేల స్వభావం, ఎత్తు, చుట్టూ ఉన్న భవనాలను బట్టి ఇంజనీరు ఈ సంఖ్యను పెంచడమో తగ్గించడమో చేస్తాడు. అయినా గాలి ముందు బరువు లెక్కలోకి రాదన్నది మారదు.

వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుందన్నది కూడా ఈ సూత్రంలోనే ఉంది. మామూలు వానగాలికి పదేళ్లు నిలిచిన బోర్డు తుపానుకు నిలుస్తుందని చెప్పలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి వేగం గంటకు 175 కిలోమీటర్లు దాటింది. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ప్రమాణంలో కాగితం మీద ఉన్న సంఖ్యకు దగ్గరగా గాలి నిజంగా వచ్చిన రోజది. నగరంలో చెట్లు, హోర్డింగులు, బోర్డులు, అద్దాల ముఖాలు కుప్పకూలాయి.

గోడకు ఆనించిన బోర్డును గాలి ఎదురుగా తోసినప్పుడు పెద్ద ప్రమాదం లేదు, గోడ వెనక నుంచి ఆపుతుంది. గాలి భవనం పక్కగా జారిపోయేటప్పుడు ముఖం మీద పీల్పు పుడుతుంది. బోర్డు గోడ నుంచి బయటికి లాగబడుతుంది. ఈ పీల్పు భవనం మూలల దగ్గర, పై అంచు దగ్గర గోడ మధ్యలో కంటే బాగా ఎక్కువ. మూల దుకాణానికి, పై అంతస్తుకు బోల్టులు దగ్గర దగ్గరగా పడాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. బోర్డు వెనక గాలి ఆడే సందు ఉంటే రెండు వైపులా ఒత్తిడి కొంత సర్దుకుంటుంది. నాలుగు వైపులా సీలు చేసిన పెట్టె బోర్డుకు ఆ వెసులుబాటు తక్కువ.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు బోర్డును పిట్టగోడకు సగం బిగించి, మిగతా సగాన్ని ఆకాశంలోకి లేపడం. దుకాణం దూరానికి కనపడాలన్న ఆశతో చేసే పని ఇది. పైకి లేచిన సగానికి వెనక గోడ లేదు. గాలి ఎటు నుంచి వచ్చినా పూర్తి దెబ్బ పడుతుంది, ఆ దెబ్బంతా పిట్టగోడ మీదికి వస్తుంది. పిట్టగోడ తరచుగా నాలుగున్నర అంగుళాల ఇటుక వరస మాత్రమే. పైన బీము ఉండదు, పక్కన ఆసరా ఉండదు. బోర్డు ఊడకపోతే పిట్టగోడే బోర్డుతో సహా పడుతుంది. అంత ఎత్తు కావాలనుకుంటే వెనక స్లాబు మీద నుంచి ఏటవాలు దన్నులు ఇచ్చి, భారాన్ని స్లాబుకు దించడం ఒక్కటే మార్గం.

గోడ దేనితో కట్టింది

గోడను తట్టి చూడటంతో పని మొదలవ్వాలి. సిమెంటు గిలాబా పైకి అన్ని గోడలనూ ఒకేలా చూపిస్తుంది. లోపల కాంక్రీటు బీము ఉందా, కాల్చిన ఎర్ర ఇటుక ఉందా, ఫ్లైయాష్ ఇటుక ఉందా, తేలికపాటి ఏఏసీ బ్లాకు ఉందా అన్నది డ్రిల్లు బిట్టు నుంచి రాలే పొడి చెబుతుంది. బూడిద రంగు పొడి రాలుతూ, బిట్టు మొండికేస్తూ మెల్లగా దిగితే కాంక్రీటు. ఎర్రటి పొడి వస్తే ఇటుక. తెల్లటి పొడి వస్తూ, హామర్ లేకుండానే బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగితే ఏఏసీ. మధ్యలో ఒక్కసారిగా బిట్టు జారిపోతే అక్కడ మట్టో, బోలు బ్లాకో, రెండు ఇటుకల మధ్య నిండని సందో ఉంది. ఆ రంధ్రాన్ని వదిలేసి వేరే చోటు చూసుకోవాలి.

కాంక్రీటు ఎక్కడుంటుందో ఊహించడం కష్టం కాదు. షట్టరు పైన లింటెల్ బీము ఉంటుంది. దానికి పైన స్లాబు అంచు. రెండు పక్కల పిల్లర్లు. దుకాణం బోర్డు అదృష్టవశాత్తు ఈ లింటెల్‌కూ స్లాబుకూ మధ్యనే కూర్చుంటుంది. కాబట్టి ఫ్రేమును కొంచెం పెంచి, పై బోల్టులు స్లాబు బీములోకి, కింది బోల్టులు లింటెల్‌లోకి దిగేలా చేసుకుంటే మధ్యలో ఉన్న గోడ ఎలాంటిదైనా ఫరవాలేదు. ఫ్రేము డ్రాయింగు గీయకముందే ఈ సంగతి తేలితే పది నిమిషాల పని. ఫ్రేము వెల్డింగు అయ్యాక తేలితే మళ్లీ క్లాంపులు కోసి అతకాలి.

కొత్త భవనాల్లో ఏఏసీ బ్లాకులు పెరిగిపోయాయి. కొందరు మేస్త్రీలు వాటిని పాత స్వీడిష్ బ్రాండు పేరుతో సిపోరెక్స్ అనే పిలుస్తారు. స్వీడన్‌లో 1920లలో పుట్టిన ఈ పదార్థం ఎర్ర ఇటుక బరువులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. భవనం మీద భారం తగ్గుతుంది, ఇంట్లో వేడి తగ్గుతుంది. బోర్డు కట్టేవాడికి మాత్రం తలనొప్పి. లోపలంతా గాలి బుడగలే కాబట్టి, వ్యాకోచించి పట్టుకునే బోల్టును బిగించే కొద్దీ చుట్టూ ఉన్న పదార్థం నలిగి పొడి అవుతుంది. బోల్టు బిగుసుకున్నట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి చేతికి ఊడి వస్తుంది.

గ్రానైటు, కడప రాయి, టైల్సు తొడిగిన గోడ ఇంకో ఉచ్చు. రాయి గట్టిగా ఉంటుంది గనక బోల్టు గట్టిగా పట్టినట్టు తోస్తుంది. నిజానికి ఆ రాతి పలకను గోడకు పట్టి ఉంచింది వెనకనున్న సిమెంటు పూత మాత్రమే. బోల్టు రాయి దాటి, పూత దాటి, అసలు గోడలోకి తగినంత లోతు దిగాలి. రాతికి డైమండ్ బిట్టుతో, హామర్ ఆపి రంధ్రం చేస్తే పగలదు. లోపలికి వెళ్లాక హామర్ వేసుకోవచ్చు.

పట్టు ఇచ్చే సామాను

పాతకాలంలో గోడకు రంధ్రం చేసి, చెక్క ముక్క దిగ్గొట్టి, ఆ చెక్కకు మేకు కొట్టేవారు. చెక్క ఎండితే వదులయ్యేది, తడిస్తే ఉబ్బేది. 1911లో లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ నారతో చేసిన చిన్న ప్లగ్గుకు పేటెంటు తీసుకున్నాడు. మనం ఈనాటికీ రావల్ ప్లగ్గు అనేది అతని పేరు మీదే. 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు తెచ్చాడు. మర బిగిసే కొద్దీ ప్లగ్గు విచ్చుకుని గోడను కరుచుకునే ఈ ఏర్పాటే ఇప్పుడు ఇళ్లలో ప్రతి గోడ గడియారం వెనకా ఉంది. ఘనమైన గోడల్లో బిగింపు సామాను వాడకం గురించి మన దేశంలో ఐఎస్ 1946 అనే ప్రమాణం 1961 నుంచే ఉంది.

పెద్ద బోర్డులకు ప్లగ్గులు చాలవు, యాంకర్ ఫాస్టనర్లు కావాలి. ఇనప గొట్టం విచ్చుకుని పట్టుకునే మామూలు యాంకరు కాంక్రీటు కోసం చేసింది. కాంక్రీటులో 10 మి.మీ. యాంకరు సరైన లోతుకు దిగితే ఒక్కొక్కటి వందల కిలోల లాగుడుకు నిలుస్తుంది. దాన్నే ఇటుకలో పెట్టి బిగిస్తే ఇటుక చీలుతుంది. ముఖ్యంగా ఇటుక అంచు దగ్గర, సిమెంటు సందులో పడితే పట్టు ఎంతో చెప్పలేం. తెలుగు బజార్లలో ఏ గోడకైనా ఇదే యాంకరు వాడటం అలవాటైపోయింది. దొరకడం సులువు, ధర తక్కువ, బిగిస్తే గట్టిగా అనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏదీ పట్టుకు సాక్ష్యం కాదు.

ఇటుక గోడకు రెండు నమ్మదగిన దారులు ఉన్నాయి. మొదటిది ఆరపార బోల్టు. గోడకు ఇటు నుంచి అటు రంధ్రం చేసి, లోపలి వైపు వెడల్పాటి ఇనప బిళ్ల పెట్టి నట్టు బిగించడం. లోపల గది ఉన్నచోట బిళ్ల కనపడుతుందని యజమానులు ఒప్పుకోరు, కానీ దీన్ని మించిన పట్టు లేదు. రెండోది కెమికల్ యాంకరు. రంధ్రంలోకి రెండు భాగాల రెసిన్ ఎక్కించి, అందులో మరల కడ్డీ గుచ్చి గట్టిపడనివ్వడం. బోలు బ్లాకులకు జల్లెడ గొట్టం తొడిగి ఎక్కిస్తారు. ఈ పద్ధతికి ప్రాణం రంధ్రం శుభ్రతలో ఉంది. ఊదాలి, బ్రష్షుతో తోమాలి, మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే రెసిన్ గోడను కాకుండా పొడిని పట్టుకుంటుంది. గట్టిపడే సమయం ట్యూబు మీద ఉష్ణోగ్రతల వారీగా రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం చాలా త్వరగా గట్టిపడుతుంది, డిసెంబరు ఉదయం అంతకు అనేక రెట్లు సమయం పడుతుంది. సాయంత్రంలోగా బోర్డు వెలగాలని తొందరపెట్టే చోట ఈ నిరీక్షణ ఎవరికీ నచ్చదు.

మన ఇరవై అడుగుల బోర్డుకు పన్నెండు బోల్టులు వేశామనుకోండి. విశాఖ గాలిలో 1,100 కిలోలు పంచుకుంటే ఒక్కోదానికి తొంభై కిలోల పైన వస్తుంది. సమానంగా మాత్రం పంచుకోవు. మూల బోల్టులు ఎక్కువ మోస్తాయి. ఒకటి ఊడితే దాని వాటా పక్క వాటి మీద పడుతుంది, తర్వాత జిప్పు విప్పినట్టు వరసగా పోతాయి. అందుకే లెక్కకు వచ్చినదానికి రెండు మూడు రెట్లు పట్టున్న సామాను ఎంచుకోవడం ఆనవాయితీ.

ఫ్రేము, ఎండ, తుప్పు

ఏసీపీని నేరుగా గోడకు బిగించరు. అంగుళం లేదా ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపుతో ఫ్రేము కట్టి, రెండడుగులకొక నిలువు పెట్టి, దాని మీద పలక కూర్చోబెడతారు. గోడ ఎప్పుడూ చదునుగా ఉండదు. రసమట్టం పెట్టి, దారం లాగి చూస్తే ఇరవై అడుగుల గోడలో ముప్పావు అంగుళం పొట్ట కనిపించడం వింత కాదు. ఆ తేడాను ఫ్రేముకూ గోడకూ మధ్య క్లాంపుల దగ్గర బిళ్లలు వేసి సర్దాలి. సర్దకుండా బోల్టు బిగించి ఫ్రేమును గోడ వంపుకు లాగేస్తే, అక్షరాల వరస దూరం నుంచి అలలా కనిపిస్తుంది. పొడుగాటి బోర్డులకు లెవెల్ చూడటానికి నీళ్లు నింపిన పారదర్శక ట్యూబును మించిన సాధనం ఇంకా రాలేదు. లేజరు పగటి ఎండలో కనపడదు.

ఇక్కడొక చూపు సమస్య. భవనమే కాస్త ఏటవాలుగా ఉన్నప్పుడు, బోర్డును నిక్కచ్చిగా లెవెల్‌కు పెడితే షట్టరు గీతతో పోలిక కుదరక బోర్డే వంకర అనిపిస్తుంది. అనుభవమున్న ఫిట్టరు యజమానిని రోడ్డు అవతల నిలబెట్టి, రెండూ చూపించి, ఒప్పించాకే చివరి బోల్టు బిగిస్తాడు.

ఎండ చేసే పని నెమ్మది. వేసవి మధ్యాహ్నం ముదురు రంగు పలక చలికాలం తెల్లవారుజాముకంటే యాభై డిగ్రీలు ఎక్కువ వేడెక్కవచ్చు. ఆ తేడాకు ఎనిమిదడుగుల ఏసీపీ పొడవులో దాదాపు 3 మి.మీ. పెరుగుతుంది. వెనకున్న ఉక్కు ఫ్రేము అందులో సగమే పెరుగుతుంది. అదే పొడవు యాక్రిలిక్ అయితే 8 మి.మీ. పైన. పలకను నాలుగు వైపులా కదలకుండా బిగిస్తే ఆ పెరుగుదలకు చోటు లేక పలక ఉబ్బుతుంది, యాక్రిలిక్ మర రంధ్రం దగ్గర పగులుతుంది. మధ్యలో ఒక బిందువును గట్టిగా బిగించి, మిగతా రంధ్రాలను మర కంటే రెండు మూడు మి.మీ. పెద్దవిగా తీయడం, పలకల మధ్య పావు నుంచి అర అంగుళం దాకా సందు వదిలి మెత్తని సిలికాన్‌తో నింపడం దీనికి విరుగుడు.

తుప్పు వెల్డింగు అతుకుల దగ్గర మొదలవుతుంది. వెల్డింగు వేడికి అక్కడి రంగు, జింకు పూత కాలిపోతాయి. గ్రైండింగు చేసి రెడాక్సైడు పూసి, ఆపైన ఎనామెల్ వేయాలి. పైపు చివరలు తెరిచి ఉంచితే వాన నీరు లోపల చేరి, పైకి కొత్తగా కనిపించే ఫ్రేమును లోపల నుంచి తినేస్తుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఉప్పు తేమలో అల్యూమినియం, ఉక్కు తాకి ఉంటే అల్యూమినియం త్వరగా తినబడుతుంది. రెండింటి మధ్య రబ్బరో నైలానో వాషరు, మరలు స్టెయిన్‌లెస్ అయితే మేలు.

జిగురు టేపు

రెండు వైపులా అంటుకునే యాక్రిలిక్ ఫోమ్ టేపులు 1980 ప్రాంతంలో పరిశ్రమలోకి వచ్చాయి. పలకను ఫ్రేముకు అంటించడంలో ఇవి చాలా బాగా పనిచేస్తాయి. మరల గుర్తులుండవు, ఎండకు పలక పెరిగితే టేపు కొంత సాగి సర్దుకుంటుంది. నిలకడ బరువుకు కిలోకు సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు వేయమని తయారీదారుల సూత్రం. అంటించిన రోజున పట్టు పూర్తిగా రాదు, మూడు రోజులు పడుతుంది. టేపుతో పలకను నేరుగా గోడకు అంటించడం మాత్రం తెలివైన పని కాదు. టేపు రంగును పట్టుకుంటుంది, రంగు పుట్టీని, పుట్టీ గిలాబాను. ఈ గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన లంకె వానకు తడిసే పుట్టీ.

ఎత్తడం

బోర్డు ఎత్తే రోజు గాలి లేని ఉదయం కావాలి. సెకనుకు పది మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు, ఒక 8×4 షీటును 18 కిలోల బలంతో నెడుతుంది. షీటు బరువు 16 కిలోలు. నిచ్చెన మీదున్న మనిషిని షీటే ఎత్తుకుపోగలదు.

ఫ్రేమును పై నుంచి మోకుతో లాగి, కింద నుంచి పరంజా మీద ఇద్దరు అందుకోవడం మన పద్ధతి. భారీ బోర్డులకు చైను పుల్లీ గానీ బాస్కెట్ ఉన్న క్రేను గానీ వస్తుంది. గోడకు ముందే జడ్ ఆకారపు పట్టీ బిగించి, ఫ్రేము వెనక దానికి తగిన పట్టీ పెట్టుకుంటే, బోర్డును ఎత్తి కొక్కేనికి తగిలించినట్టు తగిలించి, ఆ తర్వాత తీరిగ్గా కింది బోల్టులు బిగించవచ్చు. ఎత్తిపట్టుకుని ఉన్న మనుషుల చేతులు నొప్పెట్టే లోపు బోల్టు దొరకాలన్న కంగారు ఉండదు. ఇంత సులువైన ఏర్పాటు మన బజార్లలో అరుదుగానే కనపడుతుంది.

ఎత్తడంలో పెద్ద ప్రాణగండం కరెంటు తీగలు. మన వీధుల్లో 11 కేవీ లైన్లు మొదటి అంతస్తు ఎత్తున దుకాణాల ముఖానికి దగ్గరగా పోతుంటాయి. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ లైను భవనం నుంచి అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్ల దూరంలో ఉండాలి. బోర్డు గోడ నుంచి అడుగు ముందుకు వస్తే ఆ దూరంలో అడుగు తగ్గుతుంది. ఇరవై అడుగుల ఇనప ఫ్రేమును తాడుతో లేపుతుంటే గాలికి ఒక కొస తిరిగి తీగ వైపు పోవడానికి క్షణం చాలు. తీగ పక్కన ఉన్నప్పుడు విద్యుత్ శాఖను అడిగి లైను ఆపించడం తప్ప వేరే జాగ్రత్త లేదు.

లోపలి ఎల్ఈడీలు 12 వోల్టులవే కాబట్టి వాటితో భయం లేదు. భయం వాటికి కరెంటు ఇచ్చే 230 వోల్టుల పెట్టెతో. ఆ పెట్టె వాన తగలని చోట ఉండాలి, ఫ్రేముకు ఎర్తింగు ఉండాలి, బోర్డు అడుగున నీరు కారిపోయే రంధ్రాలు ఉండాలి. వానాకాలంలో షట్టరు తీస్తుంటే షాకు కొట్టిందనే ఫిర్యాదుకు ఎర్తింగు లేని ఫ్రేము ఒక మామూలు కారణం.

నిప్పు, నిబంధనలు

ఏసీపీ మధ్య పొర మామూలు పాలిథీన్ అయితే అది మండుతుంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. మంటలు అంత వేగంగా పాకడానికి భవనానికి తొడిగిన పాలిథీన్ రకం పలకలే ప్రధాన కారణమని విచారణ తేల్చింది. ఒక్క దుకాణం బోర్డుకు ఆ స్థాయి భయం అక్కర్లేదు. మూడంతస్తుల ముఖాన్ని పలకలతో కప్పి, మెట్లదారి కిటికీలు మూసేసి, వెనక వైర్లు వేలాడదీసిన చోట మాత్రం అదే భయం. పొగ బయటికి పోదు, అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన లోపలికి రాదు. అలాంటి చోట మంటను తట్టుకునే ఖనిజ పొర ఉన్న పలకలు వాడాలి, కిటికీలను వదిలేయాలి.

జాతీయ భవన నియమావళి 2016లో పదో భాగం బోర్డులు, బహిరంగ ప్రదర్శన నిర్మాణాల గురించి చెబుతుంది. హైదరాబాద్‌లో 2020 ఏప్రిల్ నాటి ప్రభుత్వ ఉత్తర్వు నేల నుంచి 15 అడుగులకు పైన ప్రకటనలు ఉండకూడదని పరిమితి పెట్టింది. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో పెట్రోలు బంకు మీద కూలి 17 మందిని చంపిన హోర్డింగు 120 అడుగుల చదరం. అక్కడి నగరపాలక సంస్థ అనుమతించే గరిష్ఠ కొలత 40 అడుగుల చదరం. అది గోడ బోర్డు కాదు, కానీ గాలి లెక్క అదే. షాపుల చట్టం కింది నిబంధనలు పేరు బోర్డులో తెలుగు పైన, ఇతర భాషలు ఆ కింద ఉండాలంటాయి. ఇంగ్లిషు బ్రాండు గుర్తుకు చోటు తగ్గకుండా తెలుగు వరసను కూడా ఇరికించాలని బోర్డు ఎత్తును అడుగో అడుగున్నరో పెంచే దుకాణాలు, ఆ మేరకు గాలి భారమూ పెరిగిందని గమనించవు.

తనిఖీ, దించడం

మన తీరానికి తుపాన్ల కాలం రెండు విడతలు, వేసవి చివర ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. ఆ రెండింటికీ ముందు బోర్డు కింద నిలబడి చూస్తే చాలా తెలుస్తుంది. గోడ మీద బోల్టు కింద తుప్పు చారలు, పలక అంచున తెరుచుకున్న సిలికాన్, గాలికి టకటకమనే చప్పుడు, ఫ్రేము వెనక పావురాల గూళ్లు. చివరిది నవ్వులాటగా అనిపిస్తుంది, కానీ గూటిలోని పుల్లలు, రెట్టలు నీరు కారే రంధ్రాలను మూసేస్తాయి. తడి నిలిచిన చోటే పైపు తుప్పు పడుతుంది.

అద్దెదారు ఖాళీ చేసినప్పుడు పలకలు ఊడదీసుకుని ఫ్రేమును గోడకే వదిలిపోవడం పరిపాటి. తర్వాత వచ్చినవాడు దాని వయసు తెలియకుండానే దాని మీద కొత్త పలక కొడతాడు. ఫ్రేము దించేటప్పుడు కింది బోల్టుల నుంచి విప్పుతూ పైకి పోవాలి. పై బోల్టులు విప్పేలోపు బోర్డు మోకుకో క్రేనుకో వేలాడుతూ ఉండాలి. ఊడని యాంకర్లను గోడ లోపలికి అర అంగుళం మేర కోసి, రంధ్రాలను కుంచించుకుపోని సిమెంటు గ్రౌటుతో నింపుతారు. కొత్త బోర్డు బోల్టులు ఈ పాత రంధ్రాల్లో గానీ, వాటిని ఆనుకుని గానీ పడకూడదు. కనీసం పాత రంధ్రం లోతంత దూరం జరిగి కొత్త రంధ్రం తీస్తారు.